అంతర్ముఖులు, బహిర్ముఖులు, మధ్యలో మిగిలినవాళ్లు

అంతర్ముఖత్వం, బహిర్ముఖత్వం అనే జంటను మనస్తత్వశాస్త్రంలో స్థిరపరిచినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ గుస్తావ్ యూంగ్. మనుషుల్లోని మానసిక రకాల గురించి ఆయన జర్మన్‌లో రాసిన పెద్ద గ్రంథం 1921లో వెలువడింది. దాని వెనక గురుశిష్యుల తగాదా ఒకటి ఉంది. ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ 1911లో సిగ్మండ్ ఫ్రాయిడ్ బృందం నుంచి బయటికి వచ్చేశాడు. రెండేళ్లు తిరిగేసరికి యూంగ్‌కూ ఫ్రాయిడ్‌కూ చెడింది. ఒకే తరహా రోగులను చూసిన ఇద్దరు తెలివైన వైద్యులు పొంతన లేని సిద్ధాంతాలు ఎలా చేశారన్న ప్రశ్న యూంగ్‌ను పట్టుకుంది. ఫ్రాయిడ్ చెప్పే మనిషిని బయటి మనుషులు, బయటి వస్తువులు లాగుతుంటాయి. ఆడ్లర్ చెప్పే మనిషికి తన స్థానం, తన భద్రత ముఖ్యం. తేడా రోగుల్లో లేదు, చూసేవాళ్ల స్వభావాల్లోనే ఉందని యూంగ్ తేల్చాడు.

ఆయన లెక్కలో ఇది మాటల జోరుకు సంబంధించిన విషయం కాదు. మనసులోని శక్తి ఎటు పారుతోందన్నదే కొలమానం. ఆ శక్తి బయటి ప్రపంచం వైపు పారితే బహిర్ముఖత్వం, లోపలి ఆలోచనలు, అనుభూతుల వైపు మళ్లితే అంతర్ముఖత్వం. రెండూ ప్రతి మనిషిలోనూ ఉంటాయని, ఒకటి పైచేయిగా ఉంటుందని ఆయన చెప్పాడు. ఎటూ గట్టిగా మొగ్గని మధ్యస్థులే సంఖ్యలో ఎక్కువని కూడా అన్నాడు. తర్వాత వచ్చిన ప్రచారంలో అందరూ మరిచిపోయింది ఈ చివరి మాటనే.

యూంగ్ పుస్తకం 1923లో ఇంగ్లీషులోకి వచ్చింది. దాన్ని చదివి పరవశించినవారిలో కేథరిన్ బ్రిగ్స్ అనే అమెరికన్ గృహిణి ఒకరు. ఆమె, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కారు. ఇసబెల్ అయితే ఒక డిటెక్టివ్ నవలకు బహుమతి గెలుచుకున్న రచయిత్రి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చడానికి ఆమె తయారుచేసిన ప్రశ్నావళే తర్వాత మయర్స్-బ్రిగ్స్ టెస్టుగా లోకమంతా వ్యాపించింది. నాలుగు జంటల్లో ఒక్కోదాన్నుంచి ఒక్కో అక్షరం చొప్పున మొత్తం పదహారు రకాలు. మొదటి అక్షరం ‘ఐ’ అయితే ఇంట్రోవర్ట్, ‘ఈ’ అయితే ఎక్స్‌ట్రోవర్ట్. ఐటీ కంపెనీల శిక్షణ తరగతుల నుంచి ఇన్‌స్టాగ్రామ్ పరిచయ వాక్యాల దాకా ఈ అక్షరాలు తిరుగుతూనే ఉన్నాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మనుషులను ఈ గుణం మీద కొలిచి వరసగా నిలబెడితే రెండు గుంపులు కనబడవు. ఎత్తు సంగతే తీసుకుంటే, అందరినీ పొడుగు, పొట్టి అని రెండు డబ్బాల్లో వేయవచ్చు. కానీ అయిదడుగుల అయిదంగుళాల దగ్గర గీత గీస్తే, అర అంగుళం తేడాతో ఇద్దరు చెరోవైపూ పడతారు. అంతర్ముఖత్వమూ అంతే. ఎక్కువమంది నడిమధ్యలో గుమిగూడి ఉంటారు, రెండు కొసల్లోనూ పలచగా ఉంటారు. గీత సరిగ్గా జనం ఎక్కువున్న చోటే పడుతుంది కాబట్టి, ఒకటి రెండు జవాబులు మారితే చాలు, ‘ఐ’ కాస్తా ‘ఈ’ అయిపోతుంది. అదే టెస్టును కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినవాళ్లలో సుమారు సగం మందికి నాలుగింట్లో కనీసం ఒక అక్షరమైనా మారిన సందర్భాలు నమోదయ్యాయి. అయితే ఆ టెస్టును పూర్తిగా చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. అక్షరం సంగతి అటుంచి, మొదటి అక్షరం వెనకున్న కొలతను అంకెగా చూస్తే, అది ఇతర శాస్త్రీయ పరీక్షల్లోని బహిర్ముఖత్వ కొలతతో బాగానే కలుస్తుంది.

మరి ఆ అక్షరాలు చదివినవాళ్లు ‘అచ్చం నేనే’ అని ఎందుకు ఆశ్చర్యపోతారు? బర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1949లో ప్రచురించిన ప్రయోగంలో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన తన 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరి చేతిలో వారి ఫలితమంటూ ఒక కాగితం పెట్టాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకే రాత. ఆ వాక్యాల్లో చాలావాటిని ఆయన బజారులో కొన్న జాతకాల పుస్తకం నుంచి ఎత్తాడు. ఆదివారం అనుబంధంలో వారఫలాలు చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఈ కిటుకు కొత్తేమీ కాదు. పొగడ్త కొంచెం, అనుమానం కొంచెం కలిపి, ఎవరికైనా అతికేలా రాస్తే ప్రతివారికీ అది తమ గురించే అనిపిస్తుంది.

బహిర్ముఖత్వమనే గుణాన్ని ప్రయోగశాలలోకి లాక్కొచ్చినవాడు మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్. 1916లో బెర్లిన్‌లో పుట్టి, నాజీల పాలన భరించలేక ఇంగ్లండు చేరి, లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో పేరు తెచ్చుకున్నాడు. 1967లో ఆయన ఒక జీవశాస్త్ర వివరణ ముందుకు తెచ్చాడు. మెదడు కాండంలో ఉండే ఒక నరాల వల మెదడు పైపొరను ఎప్పుడూ ఎంతో కొంత మేల్కొలిపి ఉంచుతుంది. అంతర్ముఖుల్లో ఆ మేల్కొలుపు మొదటినుంచే ఎక్కువ స్థాయిలో ఉంటుంది కాబట్టి కొద్దిపాటి సందడే వాళ్లకు చాలు, అంతకు మించితే చిరాకు. బహిర్ముఖుల్లో ఆ స్థాయి తక్కువ కాబట్టి జనాన్ని, చప్పుడును, కొత్తదనాన్ని వాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు.

దీనికి పరీక్షగా నిమ్మరసం ప్రయోగం పేరుపడింది. రెండు వైపులా దూది ఉన్న పుల్లకు సరిగ్గా మధ్యలో దారం కట్టి వేలాడదీస్తే అది అడ్డంగా నిలవాలి. ఒక కొసను నాలుక మీద కాసేపు ఉంచి తీస్తారు. తర్వాత నాలుక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, రెండో కొసతో లాలాజలాన్ని అద్దుతారు. మళ్లీ దారం పట్టుకుని వేలాడదీస్తే, అంతర్ముఖుల పుల్ల రెండో కొస వైపు బాగా వాలుతుందని, బహిర్ముఖులది ఇంచుమించు అడ్డంగానే నిలుస్తుందని అంచనా. మొత్తమ్మీద ఫలితాలు ఈ అంచనా వైపే ఉన్నాయి. కానీ ఒక్క మనిషి పుల్ల చూసి ఆ మనిషి స్వభావం చెప్పేయడం మాత్రం కుదరదు.

మనస్తత్వవేత్త రసెల్ జీన్ 1984లో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. కొన్ని పదాల జతలు నేర్చుకునే పని అప్పగించి, వెనక వినబడే చప్పుడు ఎంత ఉండాలో పాల్గొన్నవాళ్లనే నిర్ణయించుకోమన్నారు. అంతర్ముఖులు తక్కువ చప్పుడు ఎంచుకున్నారు, బహిర్ముఖులు ఎక్కువ ఎంచుకున్నారు. ఎవరి చప్పుడు వారికి ఉన్నంతసేపు ఇద్దరూ సమానంగా నేర్చుకున్నారు, గుండె కొట్టుకునే వేగమూ దాదాపు ఒకటే. చప్పుళ్లు తారుమారు చేయగానే ఇద్దరి పనీ దెబ్బతింది. ఒకే గదిలో చదువుకునే ఇద్దరు పిల్లల్లో ఒకరికి పాటలు కావాలి, ఇంకొకరికి తలుపు మూయాలి అనే గొడవలో ఎవరిది తప్పో తేల్చబోయే ముందు పెద్దలు దీన్ని గుర్తుంచుకోవచ్చు.

ఐసెంక్ సిద్ధాంతం అలాగే నిలిచిపోలేదు. కాఫీలోని కెఫీన్ ఇచ్చి చేసిన ప్రయోగాల్లో అంతర్ముఖులకూ బహిర్ముఖులకూ మధ్య పొద్దున కనబడిన తేడా సాయంత్రానికి తిరగబడింది. మెదడు ఎంత మేల్కొని ఉందన్నదొక్కటే అసలు సంగతి కాదని, ఆనందం, ప్రశంస, గెలుపు లాంటి ప్రతిఫలాలు కనబడగానే డోపమిన్ అనే మెదడు రసాయనపు వ్యవస్థ ఎంత చురుగ్గా ముందుకు నెడుతుందన్నదే బహిర్ముఖత్వానికి మూలమని తర్వాతి పరిశోధకులు ఎక్కువగా వాదించారు. ఐసెంక్ పేరు ఎత్తినప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. వ్యక్తిత్వానికీ క్యాన్సర్‌కూ ముడిపెడుతూ ఆయన మరొకరితో కలిసి ప్రచురించిన పత్రాలు నమ్మదగినవి కావని 2019లో లండన్ కింగ్స్ కాలేజీ విచారణ తేల్చింది. బహిర్ముఖత్వం మీది ప్రయోగాలు అవి కావు, వాటిలో కొన్నింటిని ఇతరులు స్వతంత్రంగా పరీక్షించారు కూడా.

ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా వాడేది అయిదు గుణాల నమూనా. మనిషి స్వభావాన్ని వర్ణించే మాటలన్నీ నిఘంటువులోనే ఉంటాయన్న ఊహతో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ 1936లో ఇంగ్లీషు నుంచి దాదాపు 18,000 మాటలు ఏరారు. తర్వాత దశాబ్దాల తరబడి లెక్కలు కట్టగా అవి అయిదు పెద్ద కుప్పలుగా పోగయ్యాయి. వాటిలో ఒకటి బహిర్ముఖత్వం. పాల్ కోస్టా, రాబర్ట్ మెక్రే తయారుచేసిన ప్రశ్నావళి దాన్ని మళ్లీ ఆరుగా విడదీస్తుంది: ఆప్యాయత, నలుగురిలో ఉండాలనే ఇష్టం, తన మాట నెగ్గించుకునే తత్వం, చురుకుదనం, ఉత్సాహం కోసం వెంపర్లాట, సంతోషం.

ఈ ఆరూ సాధారణంగా కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి. కానీ ప్రతి మనిషిలోనూ అలా ఉండాలన్న నియమం లేదు. పెళ్లింట్లో పొద్దుట్నుంచీ పొయ్యిల దగ్గర నిలబడి, వంటవాళ్లకు పనులు పురమాయించి, భోజనాల బంతులు దగ్గరుండి నడిపించిన పెద్దాయన, చివరి బంతి లేవగానే చుట్టాల కబుర్లలో కూర్చోకుండా మేడ మీదికెళ్లి తలుపేసుకోవచ్చు. చురుకుదనం, మాట నెగ్గించుకోవడం ఆయనలో నిండుగా ఉన్నాయి, గుంపు మీద ఇష్టం లేదు. సౌమ్యురాలైన ఆయన చెల్లెలు నోరెత్తి ఎవరికీ ఒక పని చెప్పకపోయినా, నలుగురి మధ్యలో కూర్చుని వింటుంటే ఆమెకు అదే పండగ. వీళ్లిద్దరిలో బహిర్ముఖులు ఎవరన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆరు అంకెలు విడివిడిగా చూస్తే గానీ మనిషి కనబడడు.

సిగ్గును అంతర్ముఖత్వంతో కలిపేయడం మన దగ్గర మరీ ఎక్కువ. నలుగురిలో కలవని పిల్లాడిని ‘ముభావి’ అంటారు. కాస్త పెద్దయితే అదే ‘పొగరు’ అవుతుంది. నిజానికి సిగ్గరి మనిషికి జనం కావాలి, కానీ వాళ్లేమనుకుంటారోనన్న బెదురు అడ్డుపడుతుంది. అంతర్ముఖ మనిషికి బెదురు లేదు, అక్కర తక్కువ అంతే. సిగ్గుపడే బహిర్ముఖులు ఉంటారు, వేదిక మీద తడబడకుండా మాట్లాడే అంతర్ముఖులూ ఉంటారు. జనం అంటేనే వణుకు పుట్టి చదువూ ఉద్యోగమూ ఆగిపోయే స్థితి వేరే. అది వైద్యంతో తగ్గే ఆందోళన రుగ్మత, ‘మా వాడు ఇంట్రోవర్ట్’ అనే మాటతో దాన్ని కప్పేయడం ఆ పిల్లాడికి అన్యాయం చేయడమే.

హైదరాబాద్, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ఎంపికల ముందు గ్రూప్ డిస్కషన్ శిక్షణ ఇస్తారు. అక్కడ ముందుగా అందుకుని గట్టిగా మాట్లాడినవారికే మార్కులన్న అభిప్రాయం పాతుకుపోయింది. పని విషయంలో పరిశోధనలు అంత ఏకపక్షంగా లేవు. మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ 2013లో ఫోన్ ద్వారా అమ్మకాలు చేసే 340 మందిని పరిశీలిస్తే, ఎక్కువ అమ్మినవాళ్లు కొలబద్ద మధ్యలో ఉన్నవాళ్లు. వాగ్ధాటి మరీ ఎక్కువైనవాళ్లు కొనేవారి మాట వినకపోవడం ఒక కారణం కావచ్చు. ఒక పిజ్జా సంస్థ దుకాణాల మీద 2011లో వచ్చిన అధ్యయనంలోనూ, సిబ్బంది తమంతట తాము సలహాలిచ్చే చోట్ల నెమ్మదైన మేనేజర్ల కింద లాభాలు మెరుగ్గా కనబడ్డాయి. సిబ్బంది చెప్పింది మాత్రమే చేసే చోట్ల జోరైన మేనేజర్లది పైచేయి.

మనిషి ఎప్పుడూ ఒకే తీరుగా ప్రవర్తించడన్నది మనస్తత్వవేత్త విలియం ఫ్లీసన్ 2001లో అంకెలతో చూపించాడు. రోజుకు కొన్నిసార్లు చొప్పున రెండు మూడు వారాలు ‘ఈ గంటలో ఎలా ఉన్నారు’ అని అడిగి నమోదు చేస్తే, ఒకే మనిషి ఒక గంటలో గలగలా మాట్లాడుతూ, మరో గంటలో మౌనంగా ఉంటూ కొలబద్ద అంతటా తిరిగాడు. ఒక్కొక్కరి సగటు మాత్రం వారం తర్వాత వారం అదే చోట నిలిచింది. స్వభావం అనేది ఆ సగటే. అంతర్ముఖులు అవసరమైనప్పుడు బహిర్ముఖుల్లా మెలగగలరు, ఆ కాసేపు హుషారుగానూ ఉంటారు. అయితే 2019లో మెల్‌బోర్న్ పరిశోధకులు కొందరిని వారంపాటు అలాగే ఉండమంటే, బాగా అంతర్ముఖులైనవాళ్లకు లాభం తక్కువ, అలసట, ‘ఇది నేను కాదు’ అన్న భావన ఎక్కువ అయ్యాయి.

జనంలో ఉంటే అంతర్ముఖులకు నీరసం, బహిర్ముఖులకు బలం అనేది నేడు అందరూ నమ్మే సూత్రం. ఫిన్లాండ్‌లో 2017లో వచ్చిన అధ్యయనం దీన్ని కాస్త కుదిపింది. గలగలా గడిపిన రెండు మూడు గంటల తర్వాత ఇద్దరికీ అలసట కనబడింది, స్వభావాన్ని బట్టి పెద్ద తేడా లేదు. కాబట్టి పెళ్లి నుంచి ఇంటికొచ్చి సోఫాలో వాలిపోయినంత మాత్రాన అంతర్ముఖులని తేల్చుకోనక్కర్లేదు.

తన తీరు తెలుసుకోవాలనుకునేవాళ్లకు మనస్తత్వవేత్త లూయిస్ గోల్డ్‌బర్గ్ బృందం రూపొందించి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంచిన ప్రశ్నల సంచయం ఒక మంచి దారి. ఈ వారం ఎలా ఉన్నారో కాకుండా, కొన్నేళ్లుగా మామూలుగా ఎలా ఉంటారో మనసులో పెట్టుకుని జవాబులు రాయాలి. ఫలితం పర్సంటైల్‌లో వస్తే, జేఈఈ పుణ్యమా అని దాని అర్థం ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు: 40 వచ్చిందంటే నూటికి నలభై మంది ఆ మనిషి కంటే తక్కువ బహిర్ముఖులు. అది అంతర్ముఖత్వపు ముద్ర కాదు, నడిమధ్యకు కాస్త ఇవతల. అవే ప్రశ్నలను బాగా ఎరిగిన స్నేహితుడికో అక్కకో ఇచ్చి, ఆ జవాబులను పక్కన పెట్టుకుని చూస్తే ఇంకా మంచిది. ఎంత మాట్లాడతాం, ఎంత సందడి చేస్తాం అనే సంగతులు బయటివాళ్లకూ తేటగా కనబడతాయి. లోపలి బెదురు, దిగులు లాంటివి మాత్రం సొంత జవాబుల్లోనే దొరుకుతాయి.

వచ్చిన అంకె శాశ్వతమూ కాదు. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం మనుషుల మధ్య ఈ గుణంలో కనబడే తేడాల్లో సుమారు సగం జన్యువుల వల్ల వచ్చేవి. మిగతా సగంలో ఎక్కువ భాగం ఒక్కొక్కరికీ విడిగా ఎదురైన అనుభవాలది. ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చే పోలిక ఆశ్చర్యకరంగా తక్కువ. వయసుతో కూడా మార్పు వస్తుంది. ఎన్నో దీర్ఘకాల అధ్యయనాలను కలిపి 2006లో చేసిన విశ్లేషణలో, తన మాట నెగ్గించుకునే ధైర్యం ఇరవైల్లో, ముప్పైల్లో పెరుగుతూ వచ్చింది. గుంపుల మీద మోజు, హడావుడి మాత్రం చదువుకునే వయసులో ఒకసారి పెరిగి, పెద్దతనంలో మెల్లగా తగ్గాయి.