బోటు మేస్త్రీకి ఏ కానుక?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. విశాఖలోనైనా కాకినాడలోనైనా బోట్లు బాగుచేసేవాళ్లకు తీరిక లేని పని అప్పుడే. అలాంటి స్నేహితుడికి ఏదైనా పనిముట్టు కొనివ్వాలనుకుంటే మన చూపు ముందు గ్రైండర్ మీదో డ్రిల్లు మీదో పడుతుంది. కానీ అవి అతని దగ్గర ఉండే ఉంటాయి, లేకపోతే పనే సాగదు. ఎంత బరువున్నది తన చేతికి నప్పుతుందో కూడా అతనికే తెలుసు. ఫైబర్ బోట్ల పనివారికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఫిల్టర్లు మార్చుకునే వీలున్న మంచి రెస్పిరేటర్ మాస్కు. కూలి డబ్బు తెచ్చే పనిముట్టును ఎవరైనా అప్పు చేసైనా కొంటారు, ఊపిరితిత్తుల్ని కాపాడేదాన్ని మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు.

పని జరిగే తీరు చూస్తే దాని అవసరం తెలుస్తుంది. బోటు అడుగున పగులు పడితే పైపైన రెజిన్ పూస్తే నిలవదు. పగులు అంచుల్ని ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండింతల వెడల్పున అన్నది ఈ పనిలో పేరున్న లెక్క. అంటే 5 మిల్లీమీటర్ల మందానికి చుట్టూ 60 మిల్లీమీటర్ల మేర గాజు పీచు, గట్టిపడిన రెజిన్ పొడై లేస్తాయి. ఆ తర్వాత మ్యాట్ ముక్కలు పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్‌తో తడిపి, గాలి బుడగలు పోయేదాకా రోలర్ తిప్పాలి. అంతసేపూ ముఖం ఆ తడికి దగ్గరగానే ఉంటుంది. సాధారణంగా వాడే పాలిస్టర్ రెజిన్‌లో మూడో వంతుకు పైగా స్టైరీన్ ఉండటం మామూలే. ఆ ఘాటు దానిదే. కళ్ల మంట, తలనొప్పి వెంటనే తెలుస్తాయి. అంతకంటే పెద్ద ముప్పు మెల్లగా వస్తుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల వర్గంలోకి మార్చింది.

ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదా? చాలదు, సన్నపొడి నేతలోంచి దూరిపోతుంది. కోవిడ్ నాటి ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపలేదు. ఆవిరిని పట్టాలంటే బొగ్గు నింపిన కార్ట్రిజ్ ఉండాలి. అందుకే డబ్బా మీద ‘ఆర్గానిక్ వేపర్’ అన్న మాట, దానికి తోడు దుమ్ము ఫిల్టరు ఉన్నాయో లేదో చూసి కొనాలి. ఆరుబయట పనే కదా అనడమూ సరికాదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది. వంగి పనిచేసే బోటు లోపలి అడుగునే అది నిలుస్తుంది. మే నెల ఎండలో మాస్కు ఎవరు పెట్టుకుంటారన్నది మాత్రం బలమైన అభ్యంతరమే. అయితే అది రోజంతా ఉండక్కర్లేదు, అరగదీసేటప్పుడూ రెజిన్ పనప్పుడూ ఉంటే చాలు. వేడికి రెజిన్ తొందరగా బిగుస్తుంది కాబట్టి ఆ పని పొద్దున్నే పెట్టుకోవడం ఎలాగూ మేలు. ముఖానికి మెత్తగా అతికే సిలికాన్ రకం, ఊపిరి వదిలే వాల్వు ఉన్నది ఎంచుకుంటే ఉక్క కాస్త తగ్గుతుంది. గెడ్డం ఉంటే అంచు అతకదని ముందే చెప్పాలి.

కార్ట్రిజ్‌లు వాడేకొద్దీ నిండిపోతాయి. అందుకని మాస్కుతోపాటు రెండు మూడు జతలు అదనంగా ఇవ్వాలి, లేకపోతే సీజన్ మధ్యలోనే అది మూలన పడుతుంది. ఇంకా డబ్బు మిగిలితే కళ్లను నలువైపులా మూసే గాగుల్స్ కొనండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.