జతకుదరని రెండు గ్రాఫిక్స్ కార్డులు

బల్కంపేట యనగానే పెద్దలగు మీకు ఆషాఢమాసమున జరుగు ఎల్లమ్మ తల్లి కల్యాణము జ్ఞాపకమునకు వచ్చును. ఆ గుడికి నడిచిపోవు దూరముననే అమీర్‌పేట కలదు. కంప్యూటరు విద్య నేర్పు సంస్థలకు అది పేరుపొందిన చోటు. మన పల్లెల పిల్లలు అనేకులు అచ్చటి హాస్టళ్లలోనుండి చదువుకొనుచున్నారు. మీ మనుమడొకడు, తన కంప్యూటరులో పాత గ్రాఫిక్స్ కార్డున్నదనియు, దాని ప్రక్కనే క్రొత్తదానిని గూడ పెట్టుకొందుననియు చెప్పి పైకము పంపుమని కోరెననుకొందము. పంట అమ్మిన సొమ్ము పంపుటకు ముందు, ఆ రెండును కలిసి ఏమి చేయగలవో, ఏమి చేయలేవో మీరెరిగియుండుట మేలు.

గ్రాఫిక్స్ కార్డు మొదట తెరమీద బొమ్మలు గీయుటకై పుట్టినది. చిన్న లెక్కలను వేలకొలది ఏకకాలమున చేయుట దాని నేర్పు. ఆ లెక్కలకు వలయు సరుకును నిలువచేయు కొట్టు వంటిది దాని మెమరీ. 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1060 కార్డులో 6 గిగాబైట్ల మెమరీ గల రకమున్నది. అది సెకనుకు 192 గిగాబైట్లు చదువగలదు. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో 12 గిగాబైట్ల రకము 360 చదువగలదు. ఇవి బలములో సరితూగని యెడ్లు.

ఆటల కొరకైనచో వీనిని ఒకే కాడికి కట్టజాలము. 2004లో ఎన్విడియా తెచ్చిన ఎస్‌ఎల్‌ఐ పద్ధతిలో రెండు కార్డులు బొమ్మలను వంతులవారీగా గీచుట కలదు. అందుకు రెండును ఒకే జాతివి కావలెను. అప్పుడును కొట్లు కలియవు. ఒకే సరుకును రెండింటను నింపవలెను. పైని చెప్పిన కార్డులకు ఆ సదుపాయమే లేదు. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 జతకాని కార్డులకు త్రోవ చూపినది గాని, ఆటను వ్రాయువారు ప్రత్యేకముగా శ్రమపడవలసియుండుటచే కొలదిమందియే ఆ త్రోవను నడచిరి.

కాడి వేరైనచో కథ వేరు. ఒక కార్డు తెరను చూచుకొనగా రెండవది లెక్కలు చేయవచ్చును. మనుష్యునివలె మాటలు కూర్చు భాషా నమూనాను రెండింటికిని పంచవచ్చును. ఏలయన అది పొరలు పొరలుగా నుండును. 15 గిగాబైట్ల నమూనా 3060లో ఒంటిగా నిమడదు. 10 దానికిని, 5 పాతదానికిని ఇత్తుమనుకొనుడు. ఒక్కొక్క మాటతునకకు ఆ సరుకునంతను ఒకమారు చదువవలెను. పెద్దది తన పాలును సెకనులో 36వ వంతునను, చిన్నది తన పాలును సుమారు 38వ వంతునను ముగించును. బలమునుబట్టి బరువు పంచుటచే రెండింటికిని కాలము సమమైనది.

అయినను ఒకటి ముగించి అందించిన పిదపనే రెండవది మొదలిడును. కనుక వేగము ఇబ్బడికాదు, చోటు మాత్రమే పెరుగును. పాత కార్డు లేక ఆ 5 గిగాబైట్లను కంప్యూటరు సాధారణ మెమరీలో నుంచినచో, అది సెకనుకు 50 మాత్రమే అందించుననుకొన్నను, ఆ పాలుకే సెకనులో 10వ వంతు పట్టును. పాత యెద్దు చేయు మేలు ఇదియే.

మఱి ఖర్చులు చూడుడు. నిండుపనిలో పాతది 120 వాట్లు, క్రొత్తది 170 వాట్లు తీసికొనును. ఈ 290 కాక మిగిలిన భాగములకును పవర్ సప్లై చాలవలెను. మదర్‌బోర్డుమీద రెండవ కార్డుకు చోటును, పెట్టెలో గాలియాడుటకు సందును ఉండవలెను. రెండింటిని గుర్తించు డ్రైవరును కావలెను. 1060 జాతికి క్రొత్త మెరుగులను ఎన్విడియా 2025లో నిలిపివేసినది.

కావున మనుమని మూడు ప్రశ్నలడుగుడు: ఇది ఆటకా, పనికా? నమూనా ఎన్ని గిగాబైట్లది? పవర్ సప్లై ఎన్ని వాట్లది? ఆటకైనచో పాతదానిని అమ్మి, ఆ సొమ్ము క్రొత్తదానిలో కలుపుకొమ్మనుడు. పనికైనచో, ఉన్న పాతదానిని ఉండనిండు. జతకొరకని మాత్రము మరియొక పాతదానిని కొననీయకుడు.