పెళుసు ఎముకలకూ కసరత్తు!

జారిపడితే చాలు, ఎముక పుటుక్కుమంటుంది. అందుకే ‘పరిగెత్తొద్దు, ఆడొద్దు’ అంటూ పెద్దలు ఆ బిడ్డను ఇంట్లోనే కూర్చోబెడతారు. ఆ భయం సహజమే. కానీ ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అనే ఈ జన్యువ్యాధి ఉన్న పిల్లలు కదలకుండా ఉంటే కండ తగ్గి, ఎముక ఇంకా బలహీనపడుతుంది.

నెదర్లాండ్స్‌లో వ్యాధి మరీ తీవ్రంగా లేని 34 మంది పిల్లలను రెండు జట్లు చేసి పరిశీలించారు. ఒక జట్టుకు 12 వారాల్లో 30 సార్లు, సారికి 45 నిమిషాలు దగ్గరుండి కసరత్తు చేయించారు. వారికి దమ్ము, కండబలం పెరిగినట్లు 2008లో ప్రకటించారు. మానేశాక ఆ లాభం మెల్లగా తగ్గిపోయింది. మూన్నాళ్ల ముచ్చటైతే ఉపయోగం లేదన్నమాట.

అలాగని ఇంట్లో సొంతంగా మొదలెట్టొద్దు. డాక్టరు, ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. చేతులు పట్టి లాగడం, కాళ్లు మెలితిప్పడం అసలే కూడదు.