పెద్దమ్మ వేలికి చిన్న క్లిప్పు

మా పెద్దమ్మది దిగువ అహోబిలం. బీడీ ముట్టిన మనిషి కాదు. అయినా అరవై దాటేసరికి బిందె ఎత్తితే ఆయాసం. డాక్టరు ‘సీఓపీడీ’ అనగానే తెల్లమొహం వేశాం. పొగతాగేవాళ్ళకు కదా వచ్చేది?

“పొయ్యి ముందు ఎన్నేళ్ళు కూర్చున్నారమ్మా?” అని ఆయన అడిగితే పెద్దమ్మ నవ్వింది. “ఎన్నేండ్లని సెప్పేది సామీ!” నల్లమల కట్టెలు, కిటికీ లేని వంటిల్లు, తిరునాళ్ళకొచ్చే చుట్టాలకు గుండిగలకొద్దీ వంట. గ్యాసు వచ్చేసరికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

ఆ తర్వాత మేం చేసిన ఘనకార్యం, ఆమెను కదలనివ్వకపోవడం. ప్రేమే, కాదనను. కానీ కదలకపోతే కాళ్ళల్లో సత్తువ తగ్గుతుంది. సత్తువ లేని కాళ్ళతో నాలుగడుగులు వేసినా ఆయాసమే. ఆయాసానికి భయపడి మనిషి ఇంకా కూర్చుండిపోతుంది. ఏడాదికే ఆమెకు వాకిలి దాటడం గగనమైంది.

మందులతోపాటు ఆమెకు కావలసింది కొలత ప్రకారం నడక, కసరత్తు, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలడం. దీన్నే పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. వారానికి రెండు మూడుసార్లు, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు చేయాలి. ఆళ్ళగడ్డ, నంద్యాల, కర్నూలు... బస్సులు మారి అంతదూరం పోయేసరికి ఇంక నడిచే ఓపికెక్కడిది?

అందుకే ఇంట్లోనే మొదలుపెట్టాం. ఫోన్లో ఫిజియోథెరపిస్టు చూస్తుంటారు, పెద్దమ్మ వాకిట్లో నడుస్తుంది. వేలికి బట్టల క్లిప్పులాంటి పల్స్ ఆక్సీమీటర్. వేలిగుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. 1970ల్లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి కనిపెట్టిన సూత్రమిది. కొవిడ్ రోజుల్లో మనందరికీ పరిచయమైందే. కొన్ని రకాలు అంకెల్ని నేరుగా ఫోనుకు పంపుతాయి. మాది మామూలుది, అంకెలు మనవడు రాసి పంపుతాడు. పెద్దమ్మకు డాక్టరు పెట్టిన హద్దు 88. అంతకంటే దిగితే ఆగాలి. ఈ హద్దు మనిషి మనిషికీ మారుతుంది, మనంతట మనం పెట్టుకోకూడదు.

మొదటిరోజు పది అడుగులకే ఆగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “సచ్చిపోతానేమో అమ్మీ.” అంకె చూస్తే 93! భయంతో వచ్చే ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు అని నాకూ ఆరోజే తెలిసింది. కాసేపు కూర్చోబెట్టాం. ఫోన్లోని అమ్మాయి సరేనన్నాక “93 ఉంది పెద్దమ్మా, ఇంకో నాలుగడుగులు” అన్నాను. నడిచింది.

2021లో కాక్రేన్ సంస్థ 15 అధ్యయనాలు, 1904 మంది వివరాలు పరిశీలించింది. ఇలా దూరం నుంచి చేయించినా ఫలితం ఆసుపత్రిలో చేసినంతగానే ఉందట. చివరిదాకా చేసినవాళ్ళు ఆసుపత్రి పద్ధతిలో 70 శాతమైతే, ఈ పద్ధతిలో 93. అధ్యయనాలు ఇంకా తక్కువేనని కూడా వాళ్ళే అన్నారు.

అన్నట్టు, గోళ్ళరంగు ఉన్నా, వేళ్ళు చల్లబడినా అంకె తప్పు చూపొచ్చు. పెదవులు నీలమైతే, ఆయాసం తగ్గకపోతే అంకెతో పనిలేదు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇంత చేస్తున్నా, స్నానానికి నీళ్ళు మాత్రం ఇంకా కట్టెలపొయ్యి మీదే. “నీళ్ళకు గ్యాసు తగలేచ్చారా ఎవురన్నా?” అంటుంది. ఈ యుద్ధం నడుస్తూనే ఉంది.

పోయిన శనివారం దిగువ గుడిదాకా నడిచిందట. దారిలో మూడుచోట్ల కూర్చుందట. ఎగువన జ్వాలా నరసింహుడి మాటెత్తితే మాత్రం, “ఆ సామి కాడికి నువ్వు పోయిరా అమ్మీ, నాకు ఈ సామి సాలు” అంది.