సూయెలు దొరగారు – శాసనకాలనిర్ణయము

ఆంగ్లేయాధికారులలో మన వాఙ్మయమున కుపకరించినవా రనగానే బ్రౌనుదొరగారి పేరే స్ఫురించును. రాబర్టు సూయెలు దొరగారు (1845–1925) తెలుగు నిఘంటువు కూర్చినవారు కారు. కావ్యములు పరిష్కరించినవారును కారు. అయినను మన కవుల కాలమును నిర్ణయింపబూనువా రెవ్వరును వారి ఋణము తప్పించుకొనజాలరు.

వీరు చెన్నపురి రాజధానిలో సివిలు ఉద్యోగులై యుండి 1877లో అమరావతి దిబ్బను త్రవ్వించి శిల్పములను వెలికి దీయించిరి. పిమ్మట దొరతనమువారికై రాజధానిలోని ప్రాచీనావశేషములకు మండలములవారిగా పట్టికలు కూర్చిరి. మొదటి సంపుటము 1882లోను, రెండవది 1884లోను వెలువడెను. ఇట్టి ఆంగ్లపట్టికలను చదువునపుడు ఊళ్లపేర్ల విషయమున జాగరూకత వలయును. నాడు విశాఖపట్టణ మండలమునందును, 1979 మొదలు విజయనగరము జిల్లాయందును ఉన్న మా శృంగవరపుకోట పేరులోని ఋకారము ఆ లిపిలో నొకచో ‘రి’గాను, వేఱొకచో ‘రు’గాను మాఱుచుండును. వైయాకరణునకు ఇది చిన్నదోషము కాదు.

ఈ పట్టికలకంటె 1896లో ప్రకటితమైన భారతీయపంచాంగ గ్రంథము విలువగలది. దీనిని పుణ్యపురమున ఉపాధ్యాయులైన శంకర బాలకృష్ణ దీక్షితులవారితో కలిసి రచించిరి. ఇరువురి పేర్లును ముఖపత్రముననే యున్నవి. దొరల గ్రంథములకై శ్రమించి పేరైనను దక్కక మఱుగుపడిన మన పండితు లెందఱో!

ఇందు క్రీ. శ. 300 మొదలు 1900 వఱకు గణితము గలదు. శాసనమునందలి శకవర్షము గతమో వర్తమానమో తెలియనిచో ఒక యేడు తప్పును. తిథివారములు సరిచూచినగాని సందేహము తీఱదు. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గైకొన్న దినము శక 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధ హరివాసరము, అనగా ఏకాదశి, శనివారము. గతశకముగా గొని 78 కలుపగా 1515 వచ్చును. ఆ యేటి జూన్ 23వ తేది శనివారమే. వర్తమానశకముగా గొన్నచో 1514 వచ్చును. అది భావ సంవత్సరము గాని యువ కాదు.

1900లో వీరు ప్రకటించిన హంపీ విజయనగర చరిత్రయందు మాత్రము నాకొక యసంతృప్తి గలదు. పోర్చుగీసువారైన పేయిసు, నూనిజుల వ్రాతలను ఇంగ్లీషున వెలయించి లోకమునకు మహోపకారము చేసిరి. కాని రాజవంశక్రమమును విస్తరించి చెప్పు తెలుగు కావ్యావతారికలకు అందు దక్కిన చోటు మిక్కిలి స్వల్పము. పరదేశి కన్నది ప్రమాణమైనపుడు ఆస్థానకవి విన్నది ఏల కారాదు? అతిశయోక్తిని తీసివేయుట విమర్శకుని పని. 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు సంస్కృతాంధ్ర కావ్యభాగములను చేర్చి యీ చరిత్రకు ఆధారగ్రంథమును ప్రకటించినదాక ఈ కొఱత తీఱలేదు. సూయెలు దొరగారు కూర్చిన దక్షిణదేశ శాసనానుక్రమణిక వారి మరణానంతరము 1932లో ఆ అయ్యంగారి సంపాదకత్వముననే వెలువడెను.