ఒక ఇంటూ మార్కు, రెండు కాలాలు: ‘టేక్ మై హ్యాండ్’

రెండు కాలాల్లో నడిచే నవలలంటే నాకు కొంచెం చిరాకు. అటక మీద పాత డైరీ దొరుకుతుంది, ఫ్లాష్‌బ్యాక్ మొదలు. ఇప్పటి కథకి పెద్దగా పనేం ఉండదు. డోలెన్ పెర్కిన్స్-వాల్డెజ్ 2022లో రాసిన ఈ నవల అలా కాదు.

1973, అమెరికాలోని మాంట్‌గోమరీ. 1955లో రోజా పార్క్స్ బస్సులో సీటు ఇవ్వనన్న ఊరే. సివిల్ అనే నల్లజాతి నర్సు కొత్తగా డ్యూటీలో చేరింది. ఇద్దరు పేద అక్కచెల్లెళ్ళకి గర్భం రాకుండా ఇంజెక్షన్లు ఇవ్వాలి. పెద్దమ్మాయికి 13, చిన్నదానికి 11. దానికింకా నెలసరే మొదలవలేదు! కొన్నాళ్ళకి ఇద్దరికీ ఏకంగా ఆపరేషనే చేసేస్తారు, చదువురాని పెద్దవాళ్ళతో కాగితం మీద ఇంటూ మార్కు పెట్టించుకుని.

కల్పన అనుకోకండి. అదే ఊళ్ళో, అదే ఏడాది, 14, 12 ఏళ్ళ అక్కచెల్లెళ్ళకి నిజంగా జరిగింది. వాళ్ళమ్మ పెట్టిందీ ఇంటూ మార్కే. అదే రెల్ఫ్ కేసు. బలవంతపు ఆపరేషన్లకి ఫెడరల్ డబ్బు వాడొద్దని 1974లో జడ్జి ఆర్డర్ ఇచ్చారు.

ఇక 2016. సివిల్ ఇప్పుడు డాక్టర్. పెంచుకున్న కూతురికి ఇన్నాళ్ళూ దాచిందంతా చెప్పాలి. నేను కోడ్ రాసే రోజుల్లో పాత బగ్ దొరికితే ‘ఎవడ్రా పెట్టింది’ అని వెతికేవాణ్ణి. చాలాసార్లు నా పేరే కనిపించేది. సివిల్‌దీ అదే పరిస్థితి. పిల్లల కోసం పోరాడింది తనే, ఇంజెక్షన్ ఇచ్చిందీ తనే. ఈ రెండో మాట కూతురి ముందు నోరు తెరిచి చెప్పడానికే ఆ 2016 కథంతా.

కోర్టు సీన్లు మాత్రం కాస్త సాగుతాయి, ఓపిక పట్టండి.