నాన్నగారి అంబాసిడర్‌కి ఐదో గేరు

నాన్నగారి పాత అంబాసిడర్‌ని అమ్మడానికి మనసొప్పదు, నడుపుదామంటే చెయ్యి నొప్పి! స్టీరింగ్ పక్కనుండే ఆ గేరు కడ్డీ లింకులు అరిగాయంటే ఎటు తోసినా పడదు. పాత మోడళ్లలో ఫస్ట్ గేరు మరీ పెంకిది, బండి పూర్తిగా ఆగితేగానీ మాట వినదు. ఎత్తు మీద, వెనక లారీ హారన్ కొడుతుంటే ఆ అవస్థ పడ్డవాళ్లకే తెలుసు.

1990లలో ఇసుజు ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్లలో అయిదు గేర్లు, కడ్డీ కింద ఫ్లోరు మీద. పాత బండికి ఇదే వేయించుకునేవాళ్లున్నారు. ఐదో గేరు పడ్డాక హైవే మీద ఇంజన్ గోల తగ్గి, పక్క సీట్లోవాళ్ల మాట వినిపిస్తుంది!

గేరుబాక్సు ఒక్కటే మారిస్తే చాలదా అంటారా? పాత ఇంజన్‌కి అది నేరుగా బిగియదు. రెండూ జతగా వేయించడమే మేలు. ఫ్లోరు కోయాలి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయాలి. కొలత తప్పితే బండంతా వణుకే. ఇంజన్ మార్చేముందు ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్సీలో కొత్త నెంబరు రాయించాలి. "అవన్నీ ఎందుకమ్మా" అని మెకానిక్ అన్నా వినకండి.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఆ బాక్సుల కోసం పాత సామాన్ల కొట్లు వెతకాల్సిందే. కొనేముందు ఒక్కో గేరూ వేసి, తిప్పి చూడండి. తీసిన పాత కడ్డీని మాత్రం పారేయకండి. దాని చివరి గుండు నాన్నగారి అరచేతిలో అరిగినది.